ఎర్రబడిన కన్ను: కలకా, పుండా, నీటికాసులా? ఓపీలో ఏ వరుసలో చూడాలి

మూడో ఏడాది విద్యార్థిని అడిగిన ప్రశ్న

పెద్దలకు, సీనియర్లకు నమస్కారం. నేను ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. ప్రస్తుతం కంటి విభాగంలో పోస్టింగు నడుస్తోంది. కళ్లకలక, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) పుండు, ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వాపు, అక్యూట్ గ్లకోమా (ఒక్కసారిగా కంటి ఒత్తిడి పెరిగే నీటికాసులు) అనే నాలుగింటిలోనూ నొప్పి, చూపు, కంటిపాప, కంటి ఒత్తిడి ఎలా ఉంటాయో చెప్పే పట్టిక నాకు కంఠతా వచ్చు. అయినా ఓపీలో రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ కంటిని పట్టికలో ఏ గడిలో పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. టార్చి వేసి చూస్తే అన్ని కళ్లూ ఒకే ఎరుపుగా కనిపిస్తున్నాయి.

మొన్న ఒక రైతు వచ్చారు. వరి కోస్తుండగా ఆకు కంటికి గీసుకుని అప్పటికి వారం దాటింది. మొదట ఇంట్లో నందివర్ధనం పూల రసం పిండారట. తగ్గకపోయేసరికి మందుల దుకాణంలో అడిగి చుక్కల మందు తెచ్చుకున్నారు. ఆ మందు వేసిన రెండు రోజులూ ఎరుపు, నొప్పి తగ్గాయని, తరువాత చూపు మసకబారి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించిందని చెప్పారు. మా పీజీ గారు స్లిట్ ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని) దగ్గర కాసేపు చూసి, ఇది ఫంగస్‌లా ఉంది, స్క్రేపింగు (పరీక్ష కోసం పుండును గీకడం) తీయాలి అన్నారు. ఏం చూసి అలా అన్నారో అడిగే వీలు ఆ రద్దీలో దొరకలేదు.

నా సందేహాలు రెండు. ఎర్రకన్నును ఏ వరుసలో పరీక్షిస్తే ప్రమాదకరమైనది తప్పిపోకుండా ఉంటుంది? స్లిట్ ల్యాంపు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేయవలసి వస్తే ఏ కంటికి అక్కడే మందు ఇవ్వవచ్చు, ఏ కంటిని వెంటనే పై ఆసుపత్రికి పంపాలి?

జిల్లా ఆసుపత్రి కంటి వైద్యుని జవాబు

అమ్మా, మీ పట్టికలో తప్పేమీ లేదు. అది రోగం పేరుతో మొదలై లక్షణాలకు వెళుతుంది, ఓపీలో మనం లక్షణాలతో మొదలై పేరుకు చేరాలి. అందుకు చూసే వరుసను ఒకటి స్థిరపరచుకుని, ఎంత రద్దీలోనైనా దానిని మార్చకుండా ఉంటే చాలు.

మొదటిది చూపు. టార్చి చేతిలోకి తీసుకోక ముందే రెండు కళ్లకూ విడివిడిగా స్నెల్లెన్ చార్టు (అక్షరాల పట్టిక) మీద చూపు రాయాలి. తగ్గినట్లనిపిస్తే పిన్‌హోల్ (సన్నని రంధ్రం ఉన్న పలక) పెట్టి మళ్లీ చదివించాలి. పుసి తుడిచి, రెండు మూడు సార్లు రెప్పలు ఆర్పించిన తరువాత కళ్లకలక రోగి చూపు ఎప్పటిలాగే ఉండాలి. అప్పటికీ తగ్గే ఉంటే, మరో కారణం లేదని తేలేవరకు దానిని కలకగా లెక్కించకూడదు. మా దగ్గరికి ఆలస్యంగా చేరే కళ్లలో చాలావాటికి పాత చీటీ మీద చూపు రాసి ఉండదు, చుక్కల మందు పేరు మాత్రమే ఉంటుంది.

రెండవది ఎరుపు ఎక్కడ ఎక్కువగా ఉందన్నది. దీనికి టార్చి కన్నా పగటి వెలుతురే మేలు. కింది రెప్పను కిందికి లాగి చూడండి. కలకలో రెప్ప లోపలి మడతల దగ్గర ఎరుపు దట్టంగా ఉండి, నల్లగుడ్డు వైపు వచ్చేకొద్దీ పలచబడుతుంది. వంకరగా కనిపించే ఆ రక్తనాళాలు రెప్పతో కదిపితే కదులుతాయి. కార్నియా పుండు, ఐరిస్ వాపు, అక్యూట్ గ్లకోమాలలో ఇందుకు విరుద్ధంగా నల్లగుడ్డును ఆనుకుని చుట్టూ ఊదా ఛాయ గల వలయం ఏర్పడుతుంది, ఆ నాళాలు కదలవు. మీకు అన్నీ ఒకే ఎరుపుగా కనిపించడానికి కారణం రెప్పను పూర్తిగా లాగి చూడకపోవడమే కావచ్చు.

మూడవది నల్లగుడ్డు మెరుపు. రోగిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, మీ వేలి వెంట కన్ను తిప్పమని చెప్పి, నల్లగుడ్డు మీద కిటికీ ప్రతిబింబం ఎలా కదులుతుందో గమనించండి. కిటికీ చట్రం గీతలు ఎక్కడ చెదిరితే అక్కడ ఉపరితలం చెడిందన్నమాట. తరువాత, మత్తు చుక్కలు వేయక ముందే, దూది కొసను సన్నగా పేని నల్లగుడ్డుకు పక్క నుంచి తాకించి స్పర్శ చూడాలి. హెర్పిస్ వైరస్ పుండులో అది తగ్గి ఉంటుంది. ఆ పైన ఫ్లోరెసిన్ రంగు అద్దిన కాగితపు స్ట్రిప్పును ఒక చుక్క సెలైనుతో తడిపి కింది రెప్ప లోపల ఆనించి, రెప్పలు ఆర్పించి, నీలి కాంతిలో చూస్తే పై పొర ఊడిన చోటు ఆకుపచ్చగా వెలుగుతుంది. కొమ్మలు చీలినట్లు ఉండి, కొసల్లో చిన్న ఉబ్బులు కనిపిస్తే అది హెర్పిస్. దానికి అసైక్లోవిర్ 3 శాతం ఆయింట్‌మెంటు రోజుకు 5 సార్లు వేస్తారు. ఆ కంటిలో స్టెరాయిడ్ పడితే సన్నని కొమ్మలు కలిసిపోయి పెద్ద పుండు అవుతుంది.

నాలుగవది కంటిపాప. కలకలో మామూలుగా ఉంటుంది, ఐరిస్ వాపులో చిన్నదై వెలుతురుకు బద్ధకంగా స్పందిస్తుంది, అక్యూట్ గ్లకోమాలో సగం విప్పారి, నిలువు కోలగా, కదలకుండా ఉంటుంది. చివరగా, పుండు గాని దెబ్బ గాని లేదని తేలిన కంటిలో మాత్రమే, మూసిన పై రెప్ప మీదుగా రెండు చూపుడు వేళ్లతో కంటి గట్టిదనం, అంటే లోపలి ఒత్తిడి, చూడవచ్చు. పలచబడిన పుండు మీద వేళ్లు ఆనిస్తే అక్కడే పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఈ ఐదింటినీ దాటిన కన్నే కళ్లకలక. 2023 జూలై, ఆగస్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులను, హాస్టళ్లను చుట్టేసినది ఎక్కువగా వైరస్ వల్ల వచ్చే ఆ రకమే. నీరు కారడం, ఒక కంటి నుంచి రెండో కంటికి పాకడం, చెవి ముందు గ్రంథి నొప్పిగా ఉబ్బడం దాని గుర్తులు. అది ఒకటి రెండు వారాల్లో తనంత తానే తగ్గుతుంది. చల్లని కాపడం, కృత్రిమ కన్నీటి చుక్కలు, విడి తువ్వాలు, చేతులు కడుక్కోవడం సరిపోతాయి. పుసి పసుపుగా, చిక్కగా, ఉదయం రెప్పలు అంటుకుపోయేలా ఉంటే యాంటీబయోటిక్ చుక్కలు ఇవ్వవచ్చు. పుట్టిన నెలలోపు శిశువు కంట్లో పుసి కనిపిస్తే మాత్రం దానిని చుక్కలతో సరిపెట్టకుండా అదే రోజు పంపించాలి, ఎందుకంటే గనోరియా సూక్ష్మజీవి ఆ వయసులో కార్నియాను చాలా వేగంగా తినేస్తుంది.

కార్నియా విభాగంలో పనిచేసే ఒక వైద్యురాలి జవాబు

సార్ చెప్పిన వరుసకు నేను కలిపేది ఏమీ లేదు. మీ రైతు కంటిని గురించి మాత్రం కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో కార్నియా పుండు అంటే ఫంగస్‌ను మొదటి వరుసలోనే అనుమానించాలి. చల్లని దేశాల పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక పేరా మాత్రమే దక్కుతుంది. వరి, చెరకు, మొక్కజొన్న పండించే ఊళ్ల నుంచి రోగులు వచ్చే ఓపీలో అది నిత్యం కనిపించేదే. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు జాతులు ఇక్కడ ఎక్కువ. ఆకు గాని, గడ్డి పోచ గాని, ఊక గాని పై పొరను గీసినప్పుడు వాటితో పాటే ఇవి లోపలికి చేరతాయి.

మీ పీజీ గారు బహుశా చూసినవి ఇవి. పుండు ఉపరితలం తడిగా మెరవకుండా ఎండినట్లు, కొద్దిగా పైకి లేచి ఉంటుంది. దాని అంచులు గుండ్రంగా తెగినట్లు కాక, ఈకల కొసల్లా చుట్టూ ఉన్న పొరలోకి చొచ్చుకుపోతాయి. అసలు పుండుకు కొంచెం దూరంలో చిన్న తెల్లని చుక్కలు విడిగా కనిపించవచ్చు. కంటి ముందు గదిలో (కార్నియాకు, ఐరిస్‌కు మధ్య నీరు ఉండే చోటు) అడుగున చీము చేరితే అది చిక్కగా ఉండి, తల వంచినా పక్కకు జారదు. అన్నిటికీ మించి, పుండు చూస్తే భయం వేస్తుంది గాని రోగి బాధ అంతగా ఉండదు. బాక్టీరియా పుండులో రోగి నొప్పితో కన్ను తెరవలేడు, పుసి ఎక్కువగా ఉంటుంది, వ్యాప్తి వేగంగా ఉంటుంది. ముఖ్యంగా కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవారిలో వచ్చే సూడోమోనాస్ అనే బాక్టీరియా రెండు మూడు రోజుల్లోనే కార్నియాను కరిగించగలదు. లెన్సులను కుళాయి నీళ్లతో కడిగేవారిలో పుండుకు పొంతన లేనంత తీవ్రమైన నొప్పి ఉంటే అకాంథమీబా అనే ఏకకణ జీవిని తలచుకోండి.

ఇక ఆ చుక్కల మందు సంగతి. ఖాళీ సీసా చూడనిదే ఖాయంగా చెప్పలేం గాని, రెండు రోజులు తగ్గి తరువాత ముదిరిందన్న చరిత్ర వినగానే, యాంటీబయోటిక్‌కు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన చుక్కలేమోనని అనుమానించాలి. స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది గనుక ఎరుపు, నొప్పి తగ్గుతాయి. ఫంగస్ మాత్రం అడ్డులేకుండా లోపలి పొరల్లోకి పెరుగుతుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందే అయినా, ఎర్రకన్ను అని చెప్పగానే దుకాణంలో అదే చేతికి ఇస్తున్నారు. ఫ్లోరెసిన్ వేసి, కార్నియా శుభ్రంగా ఉందని కళ్లారా చూడకుండా ఏ ఎర్రకంటికీ స్టెరాయిడ్ చుక్క రాయవద్దు.

చూసి అనుమానించడం వేరు, నిర్ధారించడం వేరు. అందుకే స్క్రేపింగు. ప్రోపరకైన్ మత్తు చుక్క వేసి, 15 నంబరు బ్లేడుతో గాని కిముర స్పాట్యులాతో గాని పుండు అంచుల నుంచి, అడుగు నుంచి గీకి తీస్తాం. ఒక గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో పెట్టి చూస్తే, అడ్డుగోడలతో కొమ్మలు చీలిన ఫంగస్ దారాలు అప్పటికప్పుడే కనిపిస్తాయి. మరొక పలకను గ్రామ్ స్టెయినుకు, మిగిలినదాన్ని బ్లడ్ అగార్, సబరాడ్ అగార్ అనే పోషక పదార్థాల మీద ఇంగ్లిషు సి అక్షరం ఆకారంలో గీతలుగా రాసి కల్చరుకు పంపుతాం. ఆ గీతల మీద పెరిగినదే పుండులోనిది, పక్కన ఎక్కడో మొలిచినది గాలి నుంచి పడినది కావచ్చు. పగిలిపోయేలా ఉన్న పుండును మాత్రం గీకకూడదు.

దారాలు కనిపిస్తే నాటమైసిన్ 5 శాతం చుక్కలు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి. దక్షిణ భారతంలో జరిగి 2013లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో దీనిని వొరికొనజోల్ చుక్కలతో పోల్చి చూశారు. నాటమైసినే మెరుగని, ప్రత్యేకించి ఫ్యుజేరియం విషయంలో తేడా స్పష్టంగా ఉందని తేలింది. ఇది అడుగున పేరుకునే మందు కనుక వేసే ప్రతిసారీ సీసా బాగా కుదపాలని రోగికి చేసి చూపించండి. కుదపకుండా వేస్తే పైన తేరిన నీరే కంట్లో పడుతుంది. దానితో పాటు పాపను విప్పార్చే అట్రోపిన్ 1 శాతం రోజుకు రెండు మూడు సార్లు వేస్తే నొప్పి తగ్గుతుంది, ఐరిస్ లెన్సుకు అతుక్కోదు. చికిత్స వారాల తరబడి సాగుతుందని మొదటి రోజే చెప్పాలి, లేకపోతే నాలుగు రోజులకు విసిగి మానేస్తారు.

బాక్టీరియా అని తేలితే మోక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం గంటకొకసారి వేయవచ్చు. పుండు పెద్దదైతే సాంద్రత పెంచిన చుక్కలను వార్డులోనే తయారుచేస్తాం. 500 మిల్లీగ్రాముల సెఫజోలిన్ ఇంజెక్షన్ పొడిని మొత్తం 10 మిల్లీలీటర్లు అయ్యేలా కలిపితే 5 శాతం చుక్కలు వస్తాయి. దుకాణంలో దొరికే 5 మిల్లీలీటర్ల టోబ్రామైసిన్ చుక్కల సీసాలోకి 80 మిల్లీగ్రాముల టోబ్రామైసిన్ ఇంజెక్షన్ 2 మిల్లీలీటర్లు ఎక్కిస్తే సుమారు 1.36 శాతం అవుతుంది. పరీక్షలో ఈ లెక్క అడుగుతారు, వార్డులో రాత్రి పూట మీతోనే కలిపిస్తారు. సెఫజోలిన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి జవాబు

రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. మా దగ్గర స్లిట్ ల్యాంపు లేదు, నాటమైసిన్ రాదు. అయినా స్నెల్లెన్ చార్టు, టార్చి, ఫ్లోరెసిన్ స్ట్రిప్పులు ఉంటే పై వరుస అంతా జరుగుతుంది. కొన్ని డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోపుల్లో (కంటి లోపల చూసే చేతి పరికరం) నీలి వడపోత ఉంటుంది, మీ కేంద్రంలో ఉన్నదానిని ఒకసారి తిప్పి చూడండి.

ఆకు గీసుకున్న రోజునో మరునాడో రోగి వస్తే, ఫ్లోరెసిన్ గీతగా వెలిగి, తెల్లటి మచ్చ ఇంకా రాకపోతే, పుండు పట్టకుండా ఆపడానికి అదే సమయం. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ స్థాయి కార్యకర్తలతో చేయించి 2001లో ప్రచురించిన పరిశీలనలో, అలాంటి గీతలకు 48 గంటల్లోపు క్లోరాంఫెనికాల్ 1 శాతం ఆయింట్‌మెంటును రోజుకు 3 సార్ల చొప్పున 3 రోజులు వేస్తే పుండుగా మారకుండా నివారించవచ్చని చూపారు. ఈ పని ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు నేర్పగలిగినదే. వరి కోతలు, నూర్పిళ్లకు ముందే వారికి చెప్పి ఉంచితే రైతులు పూల రసం, చనుబాలు పిండుకోక ముందే మన దగ్గరికి వస్తారు.

తెల్లటి మచ్చ వచ్చిన కంటిని మాత్రం అట్టిపెట్టుకోకూడదు. యాంటీబయోటిక్ చుక్కలు గంటకొకసారి వేసుకోమని చెప్పి ఆ రోజే పంపాలి. కంటికి దూది పెట్టి కట్టు కట్టవద్దు. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, చుక్కలు వేయడానికి కూడా వీలుండదు. ఎండకు తట్టుకోలేకపోతే నల్లద్దాలు చాలు.

ఒక్క విషయంలో పైన రాసిన మేడమ్‌తో కొంచెం విభేదిస్తాను. పెద్ద ఆసుపత్రికి ఆ రోజే చేరగల రోగికి కేంద్రంలోనే అట్రోపిన్ వేయడం అవసరం లేదు. కార్నియా మసకగా ఉన్న కంటిలో ముందు గది లోతు మనకు తెలియదు, పాప ఎలా ఉందో అక్కడివారు వచ్చినది వచ్చినట్లుగా చూస్తే మేలు.

మూడో ఏడాది విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి అడుగుతాను. ఐరిస్ వాపులో పాపను విప్పారేలా చేయాలి, అక్యూట్ గ్లకోమాలో ముడుచుకునేలా చేయాలి. అంటే ఈ రెండింటిని తారుమారు చేస్తే మందే హాని చేస్తుంది కదా. టార్చితో వీటిని విడదీయడం సాధ్యమేనా?

జిల్లా ఆసుపత్రి కంటి వైద్యుడు

చాలావరకు సాధ్యమే. టార్చిని కణత వైపు నుంచి, ఐరిస్‌కు సమాంతరంగా వేయండి. ముందు గది లోతుగా ఉంటే ఐరిస్ మొత్తం వెలుగుతుంది. గది ఇరుకైతే ముందుకు ఉబ్బిన ఐరిస్ వెలుతురును అడ్డుకుని ముక్కు వైపు సగం మీద నీడ పడుతుంది. నొప్పి ఉన్న కన్ను మసకగా ఉండి కనిపించకపోతే రెండో కంటిలో చూడండి. గ్లకోమా రోగిలో అదీ ఇరుకుగానే ఉంటుంది.

అక్యూట్ గ్లకోమా రోగి తరచుగా 50 దాటిన స్త్రీ. సాయంత్రం, మసక వెలుతురులో మొదలవుతుంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించాయని, సగం తల పగిలిపోతోందని చెబుతారు. వాంతులు ఎక్కువగా ఉండడంతో కాజువాలిటీలో కడుపు మందు ఇచ్చి పడుకోబెట్టే అవకాశం ఉంది, కనుక వాంతులతో, తలనొప్పితో వచ్చిన ప్రతి పెద్ద వయసు మనిషి కన్నులోకి ఒకసారి చూడండి. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉండే ఒత్తిడి ఇక్కడ 40, 50 దాటిపోతుంది. అసిటజోలమైడ్ 500 మిల్లీగ్రాములు, టిమోలోల్ 0.5 శాతం చుక్కలు, అవసరమైతే 20 శాతం మానిటాల్ సిరలోకి ఇస్తాం. సల్ఫా పడనివారికి అసిటజోలమైడ్‌ను, ఉబ్బసం ఉన్నవారికి టిమోలోల్‌ను, గుండె, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి మానిటాల్‌ను ఇచ్చే ముందు ఆగి ఆలోచించాలి. పాపను ముడిచే పైలోకార్పిన్ మొదటే వేస్తే ప్రయోజనం ఉండదు. అధిక ఒత్తిడిలో రక్తం అందని ఐరిస్ కండరం దానికి స్పందించదు, ఒత్తిడి దిగాకే పనిచేస్తుంది. ఆ పైన లేజరుతో ఐరిస్‌లో చిన్న రంధ్రం చేస్తాం, ముందు జాగ్రత్తగా రెండో కంటికి కూడా.

మన ఊళ్లలో ఇంకొకటి ఉంది, పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎన్నేళ్లుగానో ముదిరిన శుక్లాన్ని ఆపరేషను చేయించకుండా వదిలేసిన వృద్ధులలో, లెన్సు ఉబ్బడం వల్లనో, లోపలి పదార్థం బయటికి కారడం వల్లనో ఒత్తిడి ఇదే విధంగా పెరుగుతుంది. పాపలో తెల్లని శుక్లం, చుట్టూ ఎరుపు, భరించలేని నొప్పి కలిసి కనిపిస్తే అదే. ఒత్తిడి తగ్గించి వెంటనే శుక్లం తీసివేయడమే దానికి చికిత్స, కలక మందులతో కాలయాపన చేయకూడదు.

ఐరిస్ వాపులో గది లోతుగానే ఉంటుంది, ఒత్తిడి సాధారణంగా మామూలుగానో తక్కువగానో ఉంటుంది, స్లిట్ ల్యాంపులో ముందు గదిలో కణాలు తేలుతూ కనిపిస్తాయి. ఫ్లోరెసిన్ వెలగలేదని చూసుకున్నాక ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం స్టెరాయిడ్ చుక్కలు, పాపను విప్పార్చే హోమట్రోపిన్ ఇస్తాం. మళ్లీ మళ్లీ వస్తుంటే ఉదయం పూట నడుం బిగుసుకుపోతుందా అని అడగండి, క్షయ కోసం వెతకండి.

కార్నియా విభాగం వైద్యురాలు

అట్రోపిన్ విషయంలో వైద్యాధికారి గారి మాట నాకు సమ్మతమే, నేను రాసినది వార్డులో చేర్చుకున్న రోగిని ఉద్దేశించి.

ఆయన పంపే చీటీలో ఏముండాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పని మీరు హౌస్ సర్జన్‌గా త్వరలోనే చేయవలసి వస్తుంది. ఏది గీసుకుంది, ఏ రోజు, రెండు కళ్ల చూపు ఎంత, పుండు నిలువు అడ్డం ఎన్ని మిల్లీమీటర్లు, చీము ఉంటే దాని ఎత్తు ఎంత, ఇప్పటివరకు వేసిన ప్రతి మందు పేరు, చివరి చుక్క వేసిన సమయం, షుగరు ఉందా లేదా అన్నవి రాయండి. మందు పేరు రోగికి తెలియదు, కాబట్టి ఇంట్లోని ఖాళీ సీసాలన్నీ సంచిలో వేసుకుని తెమ్మని చెప్పండి. స్టెరాయిడ్ పడిందని మొదటి గంటలోనే తెలిస్తే, పుండు నెమ్మదిగా ఉన్నట్లు కనిపించినా మేము స్క్రేపింగును మరునాటికి వాయిదా వేయం.